మందుల షాపులో పసుపు కార్డు

“మనిషి కనబడక ఎనిమిది రోజులైంది మేడమ్. పాయింట్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.”

మాస్టారి భార్య ఆ మాట బాధగా అందో, ఊరటగా అందో డిటెక్టివ్‌కి అంతు చిక్కలేదు. బహుశా ఆవిడకే తెలిసి ఉండదు. ఒక చేత్తో రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, రెండో చేత్తో తన ఫోన్‌ని బల్ల మీద ముందుకు తోసింది. ఆయన కార్డు గీకినప్పుడల్లా ఆవిడకీ వచ్చే మెసేజీలు తెర మీద నాలుగు వరసగా ఉన్నాయి.

మార్చి ఇరవై తొమ్మిది శనివారం, పొద్దున పదీ నలభై: ఆకుపచ్చ కార్డు, సూపర్ మార్కెట్. ఏప్రిల్ ఒకటి మంగళవారం, ఎనిమిదీ అయిదు: ఎర్ర కార్డు, పెట్రోలు బంకు. రెండో తారీకు బుధవారం, సాయంత్రం ఆరుంబావు: నీలం కార్డు, మందుల షాపు. నిన్న గురువారం పొద్దున పదకొండింటికి మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ సూపర్ మార్కెట్.

డిటెక్టివ్ ఈ వృత్తిలోకి వచ్చి పదకొండేళ్ళయింది. చెప్పాపెట్టకుండా మాయమైన మొగుళ్ళని, దొంగ సంతకాలని, తనని తానే కిడ్నాప్ చేసుకున్న ఒక నగల వ్యాపారిని కూడా చూసింది. క్రెడిట్ కార్డు మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో నోట్లు రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటాయి, చిల్లర మాత్రల డబ్బాలో గలగలలాడుతుంది. నిన్న ఈ కేసు ఒప్పుకున్నప్పటి నుంచి ఆవిడ బుర్రలో అన్ని రంగులూ కలిసిపోయి గందరగోళంగా ఉంది.

“ఇంకోసారి చెప్పండి. మూడో తరగతి పిల్లకి చెప్పినట్టు చెప్పండి,” అంది.

“ఒక్కో కార్డుకి ఒక్కో చోట పాయింట్లెక్కువ మేడమ్. ఆకుపచ్చది సరుకులు కొన్నప్పుడు గీకితే అయిదు రెట్లు పడతాయి. అదే కార్డు పెట్రోలు బంకులో గీకితే ఒక్క రెట్టే. పెట్రోలుకి ఎర్రది, మందులకి నీలం, హోటల్‌కి పసుపు.”

“అన్నిటికీ ఒకే కార్డు గీకితే ఏం కొంపలు మునుగుతాయి?”

“అమ్మో! ఆ మాట ఆయన ముందు మాత్రం అనకండి,” అని నవ్వబోయింది ఆవిడ. అంతలోనే ఆయన ఇంట్లో లేడన్న సంగతి గుర్తుకొచ్చి, మొహం వాడిపోయింది.

బడిలో లెక్కలు చెప్పే మాస్టారాయన. అసలు పేరు హాజరు పట్టీకే పరిమితం. ఊరంతా పిలిచేది పాయింట్ల మాస్టారనే. కిందటి గురువారం పొద్దున ఆరూ పదికి వాకింగ్‌కని బయల్దేరాడు. జేబులో పర్సు, పర్సులో నాలుగు కార్డులు. పై జేబులో షుగర్ ఇంజక్షన్ పెన్ను. ఏడింటికి పార్కు బెంచీ మీద ఆయన ఫోన్ ఒక్కటే దొరికింది.

“చిన్న మొత్తమైతే రహస్య నంబరు కూడా అక్కర్లేదు, మిషన్‌కి ఆనిస్తే చాలు,” అంటూ ఆవిడ మూడో మెసేజ్ మీద వేలు పెట్టింది. “ఇది చూడండి మేడమ్. బుధవారం మందుల షాపులో గీకిన మొత్తం సరిగ్గా ఆయన వాడే రెండు పెన్నుల ధర. పైసా తేడా లేదు. ఆయన జేబులోది అయిదు రోజులకి మించి రాదు. అయిపోయాక కొనుక్కున్నారన్నమాట. ఆయన బతికే ఉన్నారు మేడమ్. నా మీద కోపమొచ్చి ఎక్కడో ఉన్నా సరే, బతికి ఉంటే చాలు నాకు.”

ఆ ఫోన్ టింగ్‌మన్నప్పుడల్లా ఈవిడ ప్రాణం లేచొస్తోంది. ఆ శబ్దం నిజంగా మాస్టారిదేనా, మరొకరిదా? తేల్చాల్సింది ఈ ఒక్క సంగతే. తేల్చడానికి టైము కూడా ఎక్కువ లేదు. భర్త ఇష్టపూర్వకంగా వెళ్ళిపోయాడని రాసి, ఈ సాయంత్రం అయిదింటికి పోలీసులు ఫైలు మూసేస్తున్నారు.

“ఆ షాపు ఎక్కడుందో కనుక్కోవచ్చుగా?”

“ఆ పేరుతో ఊళ్ళో పదిహేడు షాపులున్నాయి. ఏ షాపో మెసేజ్‌లో ఉండదు. పోలీసులు బ్యాంకుని అడిగితే పది రోజులు పడుతుందన్నారట.”

“వెళ్ళే ముందు రోజు మాస్టారు ఏమైనా అన్నారా? చిన్న విషయమైనా ఫరవాలేదు.”

“పాయింట్ల గుంపు గురించి అన్నారు. గుంపులో ముప్ఫై నలుగురున్నారు. అందరి పాయింట్లూ ఒకే ఖాతాలో చేర్చి, ఏడాది చివర పంచుతారు. ఆ ఖాతా తెరిచే నంబరు ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఎక్కడా రాయలేదు కూడా. ‘గుంపులో ఎవరో పాయింట్లు కాజేస్తున్నారే. రేపు వాకింగ్‌లో మొహమ్మీదే అడిగేస్తాను’ అన్నారు.”

“ఎవరిని?”

“అదే చెప్పలేదు. పాల ప్యాకెట్టు కొనడానికి ఏ కార్డో చెప్పారు గానీ, అది చెప్పలేదు.”

*

వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం బిళ్ళతో చార్టు అతికించి ఉంది. ఎడమవైపు సరుకులు, పెట్రోలు, మందులు, హోటల్ అని రాసి, ఒక్కో దాని పక్కన ఆ కార్డు రంగు కాగితం ముక్క అంటించారు. పైన పెద్ద అక్షరాలతో ‘జనవరి నుంచి మార్చి’ అని ఉంది.

డిటెక్టివ్ దాని ముందు చాలాసేపు నిలబడింది. నాలుగు మెసేజీలూ ఈ చార్టుతో అక్షరాలా సరిపోయాయి. ఇందుకే పోలీసులకి అంత ధీమా. ఇంత పట్టింపుగా గీకే మనిషి మాస్టారు కాక ఇంకెవరవుతారు? అంతా సవ్యంగానే ఉంది. అలా సవ్యంగా ఉండటమే ఆవిడకి మింగుడు పడలేదు. ఎక్కడో ఏదో తేడా కొడుతోంది. అదేమిటో తెలియక తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మళ్ళీ మొదటి నుంచి చదివింది. జనవరి నుంచి మార్చి. ఇవాళ ఏప్రిల్ నాలుగు.

“మూడు నెలలకోసారి ఈ చార్టు మారుతుందా?” వంటింట్లోంచే కేకేసింది.

“అవును మేడమ్. కార్డుల వాళ్ళు మారుస్తుంటారు. ఒకటో తారీకు పొద్దున, పళ్ళు తోముకోకముందే ఆయన కొత్తది పెట్టేస్తారు. ఈసారి… పెట్టేవాళ్ళేరీ?”

మాస్టారి బల్ల సొరుగులో జవాబు పత్రాల కట్ట అడుగున దొరికింది కొత్త చార్టు. ‘ఏప్రిల్ నుంచి జూన్’. అడుగున తయారుచేసిన తారీకు కూడా వేసుకున్నాడు ఆ మహానుభావుడు: మార్చి ఇరవై. అంటే మాయం కాకముందే ఆయనకి మార్పులన్నీ తెలుసు. మందులకి నీలం, హోటల్‌కి పసుపు పాతవే. సరుకులకీ పెట్రోలుకీ మాత్రం రంగులు తారుమారయ్యాయి. ఒకటో తారీకు నుంచి పెట్రోలుకి గీకాల్సింది ఆకుపచ్చ, సరుకులకి ఎర్ర.

మరి ఒకటో తారీకున పెట్రోలు బంకులో ఎర్ర కార్డు గీకిందెవరు? నిన్న సరుకులకి ఆకుపచ్చ గీకిందెవరు?

కొత్త చార్టు పట్టుకుని డిటెక్టివ్ మళ్ళీ వంటింట్లోకి నడిచింది. మాస్టారు అన్నం మానేస్తాడేమో గానీ అయిదు రెట్లు పోగొట్టుకోడు. ఆ కార్డులు ఇప్పుడు మాస్టారి చేతిలో లేవు. ఉన్నది ఫ్రిజ్ మీది పాత చార్టుని బట్టి నడుస్తున్న మనిషి చేతిలో. ఆ మనిషి ఈ వంటింట్లోకి వచ్చిపోయేవాడే అయి ఉండాలి. మాస్టారు బతికున్నాడని అందరినీ నమ్మించడం వాడికి అవసరం.

హాల్లోంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఆవిడకి ఈ సంగతి చెప్పడం తన వల్ల కాదు. ఇప్పుడైతే అసలే కాదు.

కొత్త చార్టు మీద నీలం ముక్కనీ పసుపు ముక్కనీ గోటితో జాగ్రత్తగా లేపింది. ఒకదాని చోట ఇంకొకటి అంటించింది. ఇప్పుడు మందులకి పసుపు. లోకంలో ఏ పాయింట్ల పిచ్చోడూ పసుపు కార్డుతో మందులు కొనడు, ఈ ఫ్రిజ్‌ని నమ్మినవాడు తప్ప. పాతది తీసి బ్యాగులో పడేసి, కొత్తది తగిలించింది. గోడ గడియారం ఒంటిగంటా పదిహేను చూపిస్తోంది.

“మాస్టారు చేసిన చార్టు సొరుగులో ఉంటే పెట్టానమ్మా,” అంది బయటికొచ్చి. ఆవిడ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కాసేపు అక్కడే ఉండి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

*

ఒంటిగంటా నలభైకి సైన్సు మాస్టారు వచ్చాడు. పక్క వాటాలోనే ఉంటాడు. వస్తూనే సొంతింట్లో తిరిగినట్టు వంటింట్లోకి వెళ్ళి, సీసాలో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాడు. డిటెక్టివ్ కుర్చీ చూపించింది.

“రోజూ ఇలాగే వస్తుంటారా?”

“ఇరవై ఏళ్ళుగా. అందులో తప్పేముంది?”

“మాస్టారికీ మీకూ గొడవలట కదా?”

“గొడవలు కాదండీ, పోటీ!” సైన్సు మాస్టారు ముందుకు జరిగాడు. “కిందటేడు నాకంటే నాలుగు వేల పాయింట్లు ఎక్కువ కొట్టాడు. ఎలాగో తెలుసా? స్టాఫంతా కలిసి హోటల్‌కి వెళ్తాం. బిల్లు రాగానే ఎగబడి తన కార్డు గీకేస్తాడు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరా నగదు వసూలు చేస్తాడు. ఎవరి ఖర్చయినా సరే, మన కార్డు మీద పడాలి, పాయింట్లు మనకి పడాలి. ఇదీ ఆయన మొదటి పాఠం. గుంపులో అందరికీ నూరిపోశాడు. మా అత్తగారికి కళ్ళద్దాలు కొనిస్తే, అక్కడా దూరి కార్డు గీకాడండీ!”

“కిందటి గురువారం పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఎక్కడున్నారు?”

“నిద్రలో.”

“సాక్ష్యం?”

“మా ఆవిడ. నా గురక వల్ల ఆవిడకి నిద్ర పట్టదు.”

“పాయింట్లు కాజేస్తున్నది మీరేనా?”

సైన్సు మాస్టారు లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. “కాజేయడానికి నంబరు కావద్దా? అది వాడి బుర్రలో తప్ప ఎక్కడా లేదు. చిన్నాచితకా చిల్లర పాయింట్లు ఎవరో లాగారు గానీ, ఆ పెద్ద ఖాతా తెరవాలంటే వాడు నోరు విప్పాల్సిందే!” అని ఒక్క క్షణం ఆగాడు. గొంతు మారిపోయింది. “వాడు లేకుండా స్టాఫ్ రూములో ఎవరితో పోట్లాడాలో తెలీట్లేదండీ. ఎలాగైనా వెతికి పెట్టండి.”

అబద్ధమాడేవాళ్ళకి ఇలా గొంతు పూడుకుపోతుందా? పోవచ్చు కూడా. డిటెక్టివ్ అయోమయం తగ్గాల్సింది పోయి ఇంకో రెండు మెట్లెక్కింది. “కాసేపు ఇక్కడే కూర్చోండి. మీతో పనుంది,” అంది.

*

రెండుంబావుకి కింద జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చాడు. వెనకాలే ఫైలు చంకలో పెట్టుకుని స్టేషన్ రైటర్ వచ్చాడు. రాతకోతలన్నీ చూసే సన్నపాటి మనిషి. గుమ్మం దాటకుండా అక్కడే నిలబడి, “అమ్మా, భోంచేశారా?” అని మాస్టారి భార్యని మెల్లగా పలకరించాడు. ఈ ఎనిమిది రోజుల్లో ఆవిడని ఆ ప్రశ్న అడిగిన పోలీసు అతనొక్కడే.

ఇన్‌స్పెక్టర్ స్వయానా డిటెక్టివ్ అక్కగారి మొగుడు. ఊళ్ళో ఏ కేసులోనైనా ఈ బావా మరదళ్ళు ఎదురుపడితే, పండగ చేసుకునేది చూసేవాళ్ళే.

“ఏమ్మా మరదలు పిల్లా! ఇంట్లో మీ అక్క సరిపోలేదా, ఇక్కడ నువ్వు తయారయ్యావు?” అని కుర్చీలో కూలబడి కణతలు నొక్కుకున్నాడు. “తల పగిలిపోతోంది. ఒరే, వీధి చివర మందుల షాపులో నా తలనొప్పి మాత్రలు తీసుకురా.” జేబులోంచి యాభై నోటు తీసి రైటర్ చేతిలో పెట్టాడు.

“పట్టీ మొత్తమా సార్?”

“మొత్తమే. మా మరదలు ఉన్నచోట అర పట్టీ చాలదు.”

రైటర్ నవ్వి, ఫైలు గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు. ఇన్‌స్పెక్టర్ వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు. డిటెక్టివ్ ఆయన్ని బాల్కనీలోకి లాక్కెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది.

“బావగారూ, ఫైలు మూయకండి. ఆ కార్డులు మాస్టారు వాడట్లేదు.” పాత చార్టు, మెసేజీల తారీకులు, సొరుగులో దొరికిన సంగతి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తారుమారు చేసిన రంగుల సంగతి మాత్రం కడుపులోనే దాచుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఆవలించాడు. “ఇల్లొదిలి పోయినవాడికి చార్టు గుర్తుంటుందా? అలవాటు కొద్దీ పాతది గీకాడు.”

“పదిహేను రోజుల ముందే కొత్త చార్టు చేసి దాచుకున్నవాడికా?”

“నీకు కార్డు ఉందా?”

“లేదు.”

“ఎప్పుడైనా గీకావా?”

“లేదు.”

“మరి నాకు పాఠాలెందుకు? మా స్టేషన్‌లో ఏడుగురు ఆ గుంపులో ఉన్నారు. అందరిదీ ఒకటే మాట. ఇలా గీకేది మాస్టారే.” ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. “ఫోన్ కావాలనే వదిలేసి పోయాడు. దానికి సీలు వేసి, లాకర్లో భద్రంగా పెట్టాం. ఇంకేం కావాలి నీకు? పోయినవాడు హాయిగా పెట్రోలు కొట్టించుకుంటుంటే, నువ్వు ఇక్కడ రంగు కాగితాలు పట్టుకుని నా ప్రాణం తీస్తున్నావు!”

“రేపు ఏ కాలవలోనో శవం తేలితే ఏం రాస్తారు బావగారూ? ఇష్టపూర్వకంగా మునిగాడనా?”

“నోరు జాగ్రత్త!”

“నా నోరు బాగానే ఉంది. మీ బుర్ర సంగతి చూసుకోండి.”

ఇద్దరూ మొహాలు తిప్పుకుని లోపలికొచ్చారు. తలుపు సందులోంచి ఎంత వినిపించిందో గానీ, మాస్టారి భార్య పాలిపోయి కూర్చుని ఉంది. డిటెక్టివ్‌కి తన మీద తనకే చిరాకేసింది. ‘శవం’ అన్న మాట గొంతు చించుకుని అనాలా?

రెండూ నలభై రెండుకి బల్ల మీది ఫోన్ టింగ్‌మంది.

మాస్టారి భార్య ఒక్క ఉదుటున దాన్ని అందుకుంది. చదివింది. మొహం వికసించింది. వెంటనే ముడుచుకుంది.

“మందుల షాపు. పసుపు కార్డు,” అంది. “రెండు పెన్నుల ధరే. పైన ఇంకో ఇరవై ఆరు.”

“చూశావా? బతికే ఉన్నాడు!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మందులకి పసుపేమిటి? వాడికి మతి పోయిందా?” అన్నాడు సైన్సు మాస్టారు.

వల పనిచేసింది. చేప పడింది. కానీ ఏ చేప? మారిన చార్టుని చూసిన వంటింటి మనుషులు ముగ్గురే. సైన్సు మాస్టారు గంట నుంచి ఈ హాల్లోనే కుర్చీలో ఉన్నాడు. మాస్టారి భార్య ఇల్లు కదల్లేదు. బావగారు ఇందాకటిదాకా తనతో బాల్కనీలో పోట్లాడాడు. ముగ్గురూ ఇక్కడే ఉంటే, అక్కడ కార్డు గీకిందెవరు? గోడకి కళ్ళున్నాయా, ఫ్రిజ్‌కి కాళ్ళొచ్చాయా?

“నేనే మార్చాను ఆ రంగులు,” అంది చివరికి. దాచడంలో ఇక అర్థం లేదు. “మందులకి పసుపన్నది నేను ఒంటిగంటంబావుకి చేసిన అబద్ధం. ఈ లోకంలో ఆ ఫ్రిజ్ మీద తప్ప ఇంకెక్కడా లేదు. దాన్ని చూడకుండా పసుపు గీకడం ఎవరి వల్లా కాదు. మీలో ఎవరు బయటికి చెప్పారు?”

ఇన్‌స్పెక్టర్ మొదటిసారి కణతలు నొక్కుకోవడం మానేశాడు.

“నేను…” మాస్టారి భార్య చేతిలోని ఫోన్ వైపు చూసుకుంది. “నేను ఫొటో తీసి పంపాను మేడమ్.”

“ఎవరికి?”

“ఆయనకే. చార్టు మారగానే ఫొటో తీసి ఆయన ఫోన్‌కి పంపడం నా డ్యూటీ. షాపులో నిలబడ్డాక మరిచిపోతే చూసుకోవడానికి. పన్నెండేళ్ళ అలవాటు. ఆ ఫోన్ పోలీసుల దగ్గరుందని తెలుసు, ఆయన చూడరనీ తెలుసు. అయినా రోజూ ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాను. తిన్నారా అనీ, మందు వేసుకున్నారా అనీ.” ఫోన్ తిప్పి చూపించింది. మెసేజీలన్నిటి పక్కనా, ఎవరో చదివినట్టు గుర్తుగా రెండేసి నీలం టిక్కులున్నాయి. ఇవాళ్టి ఫొటో పక్కన కూడా. “ఇవి పడుతున్నాయి కదా… పోలీసులే చదువుతున్నారేమో అనుకున్నాను. ఆ ఫోన్ తెరిచే లాక్ నంబరు కూడా మొదటి రోజే అడిగి రాసుకున్నారుగా.”

“మేం చదవడమేమిటి? అది సీలు వేసి లాకర్లో…” ఇన్‌స్పెక్టర్ మాట సగంలోనే ఆగిపోయింది.

“లాక్ నంబరు రాసుకున్నదెవరు?” అంది డిటెక్టివ్.

“రైటర్ గారు.”

“లాకర్ తాళాలు?”

“నా దగ్గరొకటి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “వాడి దగ్గరొకటి.”

“ఆ గుంపులో చేరిన ఏడుగురిలో…”

“వాడే మొదటివాడు.”

“మీ తలనొప్పి మాత్రల పట్టీ ఎంత బావగారూ?”

రోజూ కొనే మనిషి కాబట్టి ఆలోచించకుండానే అనేశాడు. “ఇరవై ఆరు.” అన్న తర్వాత కానీ ఆ అంకె ఆయన చెవికెక్కలేదు. కుర్చీలోంచి మెల్లగా లేచాడు. “వాడికి నగదు ఇచ్చానే. యాభై నోటు ఇచ్చానే!”

“ఎవరి ఖర్చయినా సరే,” అన్నాడు సైన్సు మాస్టారు. “మన కార్డు మీదే పడాలి. మొదటి పాఠం.”

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

రైటర్ గుమ్మంలోకి వచ్చాడు. “సార్, మాత్రలు,” అని పట్టీ అందించి, చిల్లర ఇరవై నాలుగూ లెక్కపెట్టి మరీ బల్ల మీద ఉంచాడు. అతని చంకలో ఇంకో ప్యాకెట్టుంది. దాని అడుగున చెమ్మ చేరి, ఒక్కో చుక్కా నేల మీద పడుతోంది.

“అదేమిటి?” అంది డిటెక్టివ్.

“మా అమ్మకి మేడమ్. ఎండలో జీపులో ఉంచితే పాడైపోతాయని పట్టుకొచ్చాను.”

మాస్టారి భార్య లేచి రెండడుగులు ముందుకేసింది. “ఐసు సంచీ… ఆయన ఇంజక్షన్లు కూడా షాపువాళ్ళు ఇలాగే కట్టిస్తారు.”

రైటర్ చూపు ఆవిడ చేతిలోని ఫోన్ మీద పడింది. తెర మీద చార్టు ఫొటో, పక్కన రెండు నీలం టిక్కులు. అక్కడి నుంచి అతని కళ్ళు ఒక్కొక్కరి మొహం మీదుగా నడిచాయి. ఇన్‌స్పెక్టర్ చెయ్యి నడుము దగ్గరి తుపాకీ మీదికి వెళ్ళింది.

“తొందరపడకండి సార్.” రైటర్ గొంతు ఇందాకటంత మెత్తగానే ఉంది. “బుధవారం కొన్న పెన్నులు జీపులోనే ఉండిపోయి ఎండకి చెడిపోయాయి. నా తప్పే. రెండు రోజులుగా మాస్టారికి మందు లేదు. పొద్దుటి నుంచి మనిషి కళ్ళు తెరవట్లేదు. పాయింట్ల ఖాతా నంబరు చెప్పేదాకా ఆయన బతికుండటం నాకూ అవసరమే కదా. ఆయనెక్కడున్నారో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను లోపలేసి కొడతారు, కొట్టండి. నేను నోరు విప్పేసరికి రాత్రవుతుంది. ఆయన అందాకా ఆగుతారా? ఈ అమ్మని అడగండి.”

పట్టుకుంటే మాస్టారు పోతాడు. వదిలేస్తే ఇద్దరూ పోవచ్చు. డిటెక్టివ్ ఈ పదకొండేళ్ళలో ఎన్నో చిక్కుముళ్ళు విప్పింది. ముడి మొత్తం విడిపోయాక ఇంత అయోమయంగా ఎన్నడూ లేదు. బావగారి వైపు చూసింది. ఆయన కూడా దిక్కు తోచక తన వైపే చూస్తున్నాడు.

ఆ తడబాటులో ఇన్‌స్పెక్టర్ ఒక్క అడుగు ముందుకేశాడు. రైటర్ ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. చంకలోని ప్యాకెట్టు జారి నేల మీద పడింది.

అందరికంటే ముందు కదిలింది మాస్టారి భార్య. వంగి ప్యాకెట్టు తీసింది. లోపలివి పగల్లేదని తడిమి చూసింది. అడుగున అంటిన దుమ్ము తన రుమాలుతో తుడిచింది. తర్వాత దాన్ని తీసుకెళ్ళి రైటర్ చేతుల్లో పెట్టి, వేళ్ళు బిగించింది.

“వెళ్ళు నాయనా, ఆలస్యం చెయ్యకు,” అంది. “పొట్ట మీదే పొడవాలి, చేతికి వద్దు. ఆయనకి నొప్పెడుతుంది.”

ఇన్‌స్పెక్టర్‌కి అడ్డంగా నిలబడి, తలుపు తనే బార్లా తెరిచింది.